ఉలుకూ పలుకూ లేని ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్: రీస్టార్ట్ కొట్టే ముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు. మేడ మీద గదిలో రెండు యూఎస్‌బీ డిస్కులున్న మినీ పీసీ, ఫోల్డర్లను ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే పద్ధతి) పంచేది అదే. కింద వాటాలో ఇంకో మెషీన్, దాని మీద ఇంట్లో సినిమాలు చూపించే జెల్లీఫిన్, రాత్రిపూట బ్యాకప్. కరెంటు పోయి వచ్చాక రెండు మూడుసార్లకోసారి కింద మెషీన్‌లో షేర్ బిగుసుకుపోతోంది. డీఎఫ్ కొడితే టెర్మినల్ తిరిగి రావడం లేదు, కిల్ -9 కొట్టినా బ్యాకప్ ప్రాసెస్ చావడం లేదు, పింగ్ మాత్రం చక్కగా వెళ్తోంది. షేర్‌ను ఫోల్డర్‌గా తగిలించుకోవడమే మౌంట్ కదా, దాన్ని సాఫ్ట్ మౌంట్ (సర్వర్ పలకకపోతే కాసేపటికి ఎర్రర్ ఇచ్చి వదిలేసే రకం) పెట్టేస్తే వదిలిపోతుందా?

వదలదు. హ్యాంగ్ కనబడటం మానేస్తుందంతే, దాని బదులు బ్యాకప్ ఫైళ్లు సగం సగం రాసి ఊరుకుంటాయి. ఇప్పుడున్న హార్డ్ మౌంట్ తప్పేమీ చేయడం లేదు. అవతలివాడు పలికేదాకా ఆగమన్నారు, ఆగింది. తేల్చాల్సింది అది ఎవరి కోసం ఆగిందన్నదే. దారి తెగిందా, మేడ మీద ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వీసు లేవలేదా, సర్వీసు లేచినా దాని వెనక డిస్కు పలకడం లేదా? పింగ్ వెళ్తోంది కాబట్టి నెట్‌వర్క్ బాగానే ఉందని చాలామంది మొదటిదాన్ని కొట్టిపారేస్తారు. అక్కడే బోల్తా పడతారు.

కమాండ్లను తెలుగు లిపిలో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టుకోండి, పెద్దబడి కావాల్సిన చోట చెబుతాను.

షేర్ బిగుసుకున్నప్పుడు డీఎఫ్, ఎల్‌ఎస్ జోలికి పోకండి. డీఎఫ్ ప్రతి మౌంట్‌నూ నీలో ఖాళీ ఎంతని అడుగుతుంది. ఒక్కటి జవాబివ్వకపోయినా అక్కడే కూలబడుతుంది. లోకల్ డిస్కుల లెక్క చాలనుకుంటే డీఎఫ్ -ఎల్ కొట్టండి. మౌంట్ల జాబితా కావాలంటే ప్రాక్ డైరెక్టరీలోని మౌంట్స్ ఫైల్‌ను క్యాట్ చేయండి. కెర్నెల్ తన దగ్గరున్న పట్టికే చూపిస్తుంది, ఎవరినీ అడగదు. ఆ ఫోల్డర్ పేరు పూర్తి చేయడానికి ట్యాబ్ కూడా నొక్కొద్దు, ఆ నొక్కుకే టెర్మినల్ పోతుంది.

ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌లో స్టాట్ అనే గడి చూడండి. డి అని ఉంటే ఆ ప్రాసెస్ కెర్నెల్ లోపల ఆగి ఉంది. 2008లో వచ్చిన 2.6.25 కెర్నెల్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ ఎదురుచూపు చాలావరకు కిల్ -9కి లొంగుతుంది, అందుకే ఊరికే చదువుతున్న డీఎఫ్ లాంటివి చస్తాయి. రాయాల్సిన డేటా మెమరీలో పెట్టుకుని మధ్యలో ఆగినది మాత్రం చాలాసార్లు లొంగదు. మీ బ్యాకప్ చావకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. ఇంటర్ అనే మౌంట్ ఆప్షన్ పెట్టమని పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. ఆ 2.6.25 నుంచే కెర్నెల్ దాన్ని పట్టించుకోవడం మానేసింది.

కెర్నెల్ లాగ్‌లో "సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్" అనే లైను కోసం చూస్తారు కదా, అది వెంటనే పడదు. టీసీపీ మీద టైమియో (జవాబు కోసం ఆగే గడువు) డిఫాల్ట్ విలువ 600. అది సెకన్లు కాదు, సెకనులో పదో వంతుల్లో లెక్క, అంటే 60 సెకన్లు. ప్రతి వైఫల్యం తర్వాత ఆ గడువు ఇంకో 60 సెకన్లు పెరుగుతుంది. రీట్రాన్స్ (మళ్లీ అడిగే సార్లు) డిఫాల్ట్ 2 కాబట్టి లైను పడేసరికి నిమిషాలు గడిచిపోతాయి. నిమిషం చూసి లాగ్‌లో ఏమీ లేదనుకుని వెళ్లిపోకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. కింద మెషీన్ నుంచి పోర్టు తెరిచి ఉందో లేదో చూసే ఎన్‌సీ -జెడ్‌వీ కొట్టి, సర్వర్ ఐపీ, 2049 పోర్టు ఇవ్వండి. ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4కి ఈ ఒక్క పోర్టే చాలు. వెర్షన్ 3 అయితే 111తో పాటు మౌంట్‌డీ, లాక్‌ల పోర్టులూ తెరవాలి. ఇంట్లో వాడకానికి 3 మీద ఉండాల్సిన అవసరం నాకైతే కనబడదు. జవాబు మూడు రకాలుగా రావొచ్చు.

కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే: మెషీన్ ఉంది, సర్వీసు లేదు. లేదా ఆ ఐపీలో ఉన్నది మీ సర్వరే కాదు. రెండోది వినడానికి వింతగా ఉంటుంది గానీ, కరెంటు వచ్చాక ఇల్లంతా ఒకేసారి లేస్తుంది. మీ రౌటర్ తనంతట తను ఐపీలు పంచే డీహెచ్‌సీపీ పరిధిలోనే సర్వర్‌కి చేత్తో ఐపీ పెట్టి ఉంటే, ముందు లేచిన టీవీకో ఫోనుకో అదే నంబరు వెళ్లిపోతుంది. పింగ్‌కి పలికేది టీవీ. ఐపీ నెయ్ కొట్టి ఆ ఐపీ పక్కన ఉన్న మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) మీ సర్వర్‌దో కాదో చూడండి. మందు తేలికే: రౌటర్‌లో మ్యాక్ అడ్రస్‌కి ఐపీ రిజర్వ్ చేయడం, లేదంటే చేత్తో ఇచ్చే నంబరును డీహెచ్‌సీపీ పరిధి బయట పెట్టడం.

మ్యాక్ సరిగ్గానే ఉంటే మేడ మీద మెషీన్‌లో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్ కొట్టండి. మీ విషయంలో నా పందెం దీని మీదే. చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వీసు తను పంచాల్సిన ఫోల్డర్లు మౌంట్ అయ్యాకే లేస్తుంది. ఆ మౌంట్ విఫలమైతే "డిపెండెన్సీ ఫెయిల్డ్" అని ఒక లైను రాసి సర్వీసు అసలు మొదలే కాదు. కరెంటు వచ్చినప్పుడు మినీ పీసీ గబుక్కున లేస్తుంది. విడి అడాప్టరు మీదున్న యూఎస్‌బీ డిస్కు తాపీగా తిరగడం మొదలెడుతుంది, ఒక్కోసారి మొదటి ప్రయత్నంలో గుర్తింపే పడదు. బూట్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీ డిస్కు కోసం డిఫాల్ట్‌గా 90 సెకన్లు చూసి వదిలేస్తుంది. ఆ తర్వాత డిస్కు కనబడినా సర్వీసు తనంతట తను లేవదు. పింగ్‌కి పలుకుతుంది, పోర్టు మూసి ఉంటుంది, కింద మెషీన్ ఎదురుచూస్తూనే ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలు అచ్చంగా ఇవే. అప్పటికప్పుడు డిస్కును మౌంట్ చేసి, సర్వీసు స్టార్ట్ చేస్తే చాలు. కింద మెషీన్‌ను ముట్టుకోనక్కర్లేదు, ఆగిన పని ఆగిన చోటు నుంచి సాగుతుంది. సర్వర్ లేచిన తర్వాత ఇంకో 90 సెకన్లు గ్రేస్ కాలం ఉంటుంది, పాత లాక్‌లు (ఫైలు తమ చేతిలో ఉందనే గుర్తులు) తిరిగి తీసుకోవడానికి క్లయింట్లకు ఇచ్చే వ్యవధి. ఆలోపు ఫైళ్లు తెరుచుకోకపోతే కంగారుపడి మళ్లీ రీస్టార్ట్ కొట్టకండి, గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

శాశ్వతంగా కావాలంటే మేడ మీద మెషీన్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో కాక, మారని గుర్తింపు నంబరైన యూయూఐడీతో (ఈ మాట పెద్దబడిలో) రాయండి. ఆ లైన్లోనే ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=180 చేర్చండి.

ఏ ఫోల్డర్లు పంచాలో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఆ ఫోల్డర్ ఆప్షన్లకు మౌంట్‌పాయింట్ అనే మాట కూడా కలపండి. అది లేకుండా, డిస్కు ఎక్కకపోయినా సర్వీసు లేచిందనుకోండి, డిస్కు బదులు దాని కింద ఉన్న ఖాళీ ఫోల్డర్ పంచబడుతుంది. కొత్తగా మౌంట్ చేసుకున్న బ్యాకప్ ప్రోగ్రామ్ పాపం దాన్నే నమ్మి మినీ పీసీ సిస్టమ్ డిస్కును నింపేస్తుంది. ఇదే ప్రమాదం కింద మెషీన్‌లోనూ ఉంది, షేర్ మౌంట్ కాకపోతే రాతలన్నీ లోకల్ ఫోల్డర్‌లో పడతాయి. షేర్ అన్‌మౌంట్ చేసి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్ మీద చాటర్ +ఐ కొట్టి ఉంచితే అందులో రూట్ కూడా రాయలేదు. మౌంట్ అయినప్పుడు ఏ అడ్డూ ఉండదు.

ఎన్‌సీ జవాబే ఇవ్వకుండా ఊరుకుంటే ఫైర్‌వాల్ చూడండి. రీబూట్‌తో పాత నియమాలు తిరిగొచ్చి ఉంటాయి. దీని మీద ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఎన్‌సీ "సక్సీడెడ్" అంటే దారి ఉంది, సర్వీసూ ఉంది. అప్పుడు సర్వర్‌లోకే ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి, పంచిన ఫోల్డర్‌ను అక్కడే నేరుగా తెరవండి. అక్కడ కూడా బిగుసుకుంటే నెట్‌వర్క్ నిర్దోషి, దొంగ డిస్కే. కెర్నెల్ లాగ్‌లో "రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్" అని వరుసగా లైన్లు పడుతుంటే ఎన్‌క్లోజర్ (డిస్కు పెట్టె), కేబుల్, కరెంటు, ఈ మూడింట్లో ఒకటి. పోర్టు నుంచే కరెంటు లాగే రెండున్నర అంగుళాల డిస్కులు రెండు ఒకే చిన్న మెషీన్‌కి తగిలించడం చాలా ఇళ్లలో చూసేదే. ఉదాహరణకు రాస్‌బెర్రీ పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలోనే ఎక్కువ కరెంటు లాగుతుంది, రెండూ ఒకేసారి మొదలైతే ఒకటి పడిపోతుంది. సొంత అడాప్టరున్న హబ్ పెట్టండి. కరెంటు సరిపోతున్నా రీసెట్లు వస్తుంటే ఆ ఎన్‌క్లోజర్‌కి యూఏఎస్ మోడ్ (యూఎస్‌బీ డిస్కుల వేగపు పద్ధతి) ఆపి చూడండి. వేగం కొంత తగ్గుతుంది, నిలకడ వస్తుంది.

డిస్కు బాగానే ఉండి కూడా నిమిషం రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టే రకం ఇంకొకటుంది, ఇది రాత్రి బ్యాకప్ వేళ కనబడుతుంది. లైనక్స్ రాయాల్సిన డేటాను ముందు మెమరీలో పోగేస్తుంది. అలా పోగేసే వాటాకి హద్దు డర్టీ రేషియో, డిఫాల్ట్ 20 శాతం. 16 జీబీ మెమరీ ఉన్న సర్వర్‌లో అది సుమారు 3 జీబీ. మీ డిస్కు ఎస్‌ఎంఆర్ రకమైతే (ట్రాకులను ఒకదాని మీదకొకటి జరిపి రాసేది) ఆగకుండా రాస్తున్నప్పుడు సెకనుకు 30 ఎంబీకి, అంతకన్నా కిందికి కూడా పడిపోతుంది. 3 జీబీ దింపడానికి 100 సెకన్లు. అంతసేపూ ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్లన్నీ డిస్కు ముందు క్యూ కట్టి ఉంటాయి, జెల్లీఫిన్ అడిగిన చిన్న ఫైలుకూ మనిషి దొరకడు. వీఎం.డర్టీ_బైట్స్‌ను 256 ఎంబీ దగ్గర, వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్‌ను 64 ఎంబీ దగ్గర పెట్టండి. విలువలు బైట్లలో ఇవ్వాలి: 268435456, 67108864. థ్రెడ్లు 8 ఉంటే 16కి పెంచితే కొంత ఊరట, కానీ నెమ్మది డిస్కు ముందు 64 థ్రెడ్లు పెట్టినా క్యూ పొడుగు పెరగడమే తప్ప లాభం లేదు.

ఆ డిస్కుల మీద విండోస్ ఫార్మాటైన ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంటే ముందు లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4కి మార్చండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును ఎన్‌ఎఫ్‌ఎస్‌లో పంచడం కొరివితో తల గోక్కోవడమే. "స్టేల్ ఫైల్ హ్యాండిల్" అనే తిట్టు రోజూ వింటారు.

ఇక పోర్టు తెరిచి ఉండి, సర్వర్‌లో ఫోల్డర్ టక్కున తెరుచుకుని, క్లయింట్‌లో మాత్రమే బిగుసుకుంటే మళ్లీ దారి మీదకే రావాలి. చిన్న ఫోల్డర్ తెరుచుకుని, వందల ఫైళ్లున్న ఫోల్డర్ దగ్గరో పెద్ద ఫైల్ దగ్గరో ఆగిపోతుంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) తేడా. ఎవరో చెప్పారని రెండు మెషీన్లలోనూ 9000 పెట్టి ఉంటారు, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ 1500 దాటి పంపదు. పింగ్ ప్యాకెట్ చిన్నది, మౌంట్ సంభాషణ కూడా చిన్నదే, రెండూ దూరిపోతాయి. నిండు ప్యాకెట్ వెళ్లేసరికి చప్పుడు లేకుండా మాయమవుతుంది. పింగ్‌కి -ఎం డూ -ఎస్ 1472 ఇచ్చి చూడండి, ఇందులో ఎం మాత్రం పెద్దబడి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500. 9000 పెట్టుకున్నవాళ్లు 8972తో చూడాలి, రెండు వైపుల నుంచీ. ఒక గిగాబిట్ ఇంటి నెట్‌వర్క్‌లో ఇలాంటి పెద్ద ప్యాకెట్ల (జంబో ఫ్రేమ్‌ల) వల్ల ఒరిగేది తక్కువ, అన్నిచోట్లా 1500కే తెచ్చేయండి.

తర్వాతది మన ఊరి జబ్బు. ఈథ్‌టూల్ తర్వాత పోర్టు పేరు కొట్టి స్పీడ్ లైను చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే కేబుల్‌లో ఏదో తీగల జత తెగింది. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు జతలు చాలు, అందుకని లింకు చావకుండా కుంటుతూ నడుస్తుంది. వేగం సెకనుకు 110 ఎంబీ రావాల్సింది 11 దగ్గర ఆగుతుంది. ఈథ్‌టూల్ -ఎస్‌లో (ఈ ఎస్ పెద్దబడి) సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క చూసేకొద్దీ పెరుగుతుంటే, నిండు లోడులో ప్యాకెట్లు పాడవుతున్నట్టు. మేడ మీద నుంచి కిందికి వైరు బాల్కనీ గుండా దింపి ఉంటారు కదా, సముద్రం వైపు ఉప్పుగాలికి ఆర్‌జే45 పిన్నుల మీద పలచటి బంగారు పూత అరిగిన చోట పచ్చగానో నల్లగానో చిలుం పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుంది, కనెక్టర్ కోసి కొత్తది క్రింప్ చేయడమే సరైన పని. కోసినప్పుడు లోపలి తీగను బ్లేడుతో గీకండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఆ కేబుల్ మొత్తం తీసేయండి, క్రింప్ చేసిన చోటల్లా మళ్లీ విరుగుతుంది. డాబాగార్డెన్స్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా పూర్తి రాగి తీగ కావాలని గట్టిగా అడగండి, పెట్టె మీద సీసీఏ అని ఉంటే వద్దు. వేశాక వేగం కొలిచే ఐపెర్ఫ్3 పెట్టి చూస్తే సెకనుకు 940 మెగాబిట్ల దగ్గరకు రావాలి.

అదే దారిలో స్విచ్ సంగతి. రెండు మెషీన్లూ ఇన్వర్టర్ లైను మీద ఉండి, మెట్ల కింద స్విచ్ మాత్రం మామూలు ప్లగ్గులో ఉండటం మామూలే. కరెంటు పోయినంతసేపూ రెండు మెషీన్లూ బతికే ఉండి ఒకదాన్నొకటి చూడలేవు. హార్డ్ మౌంట్ అయితే స్విచ్ లేవగానే సర్దుకుంటుంది. స్విచ్‌ను కూడా ఇన్వర్టర్ మీదకు మార్చండి, తినేది పట్టుమని పది వాట్లు కూడా ఉండదు. ఇన్వర్టర్ వెనక మోడ్ మీట ఉంటే యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మార్పిడికి పట్టే జాప్యం ఫ్యానుకు తెలియదు, పీసీకి తెలుస్తుంది.

ఈ షేర్ వాడే మెషీన్లు రెండుండి, రెండింటినీ ఒకే ఎస్‌డీ కార్డ్ ఇమేజ్ నుంచి తయారుచేశారా? అయితే హోస్ట్‌నేమ్ (మెషీన్ పేరు) రెండింట్లో వేరువేరుగా ఉందో లేదో చూసుకోండి. వెర్షన్ 4 సర్వర్ క్లయింట్‌ను ప్రధానంగా ఆ పేరుతోనే గుర్తుపడుతుంది. ఒకే పేరుతో ఇద్దరు వస్తే, ఒకడే మళ్లీ మళ్లీ రీబూట్ అవుతున్నాడనుకుని ఒకరి లాక్‌లను ఇంకొకరి కోసం కొట్టేస్తుంది. అప్పుడు రెండూ వంతులవారీగా బిగుసుకుంటాయి. దీన్ని పట్టుకోవడానికి జనం వారాలు తలలు పట్టుకుంటారు, తీరా చూస్తే పేరు మార్చడమే మందు.

కింద మెషీన్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైను ఇలా ఉండాలి: రకం ఎన్‌ఎఫ్‌ఎస్4, ఆప్షన్లు హార్డ్, _నెట్‌డెవ్, నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్, ఎక్స్-సిస్టమ్‌డీ.మౌంట్-టైమౌట్=30. ఆటోమౌంట్ వల్ల బూట్‌లో సర్వర్ లేకపోయినా గొడవ లేదు, ఫోల్డర్‌ను ఎవరైనా ముట్టుకున్నప్పుడే మౌంట్ అవుతుంది. _నెట్‌డెవ్ వల్ల షట్‌డౌన్‌లో నెట్‌వర్క్ కన్నా ముందు షేర్ విడుదలవుతుంది. సాఫ్ట్ మీద అంత మోజుంటే జెల్లీఫిన్ సినిమాల ఫోల్డర్‌ను రీడ్-ఓన్లీగా విడిగా మౌంట్ చేసి, దానికి మాత్రం సాఫ్ట్, టైమియో=100 పెట్టుకోండి. చదవడమే కాబట్టి పోయేదేమీ లేదు. జెల్లీఫిన్ డేటాబేస్ మాత్రం ఎప్పుడూ లోకల్ డిస్కు మీదే ఉంచండి, అది ఎస్‌క్యూలైట్ రకం డేటాబేస్, నెట్‌వర్క్ లాక్‌లతో దానికి పడదు.

మేడ మీద మెషీన్ కూడా కింద మెషీన్ నుంచి ఏదైనా షేర్ తెచ్చుకుంటోందా? ఎదురెదురు మౌంట్లు ఉంటే, రెండూ ఒకేసారి లేచినప్పుడు నువ్వు ముందంటే నువ్వు ముందని కూర్చుంటాయి. ఒకవైపే ఉంచి, రెండోవైపు పనిని ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో ఎస్‌ఎస్‌హెచ్ మీద నడపండి.

ఇప్పటికే బిగుసుకున్నదాన్ని విడిపించడానికి: సర్వర్ ఐపీ మారిపోయి ఉంటే, పాత ఐపీ వేరే ఎవరి దగ్గరా లేదని చూసుకుని, ఐపీ అడ్రస్ యాడ్‌తో దాన్ని సర్వర్‌కి రెండో నంబరుగా తగిలించండి. ఆగిన ప్రాసెస్‌లు నిమిషాల్లో కదులుతాయి, రాయాల్సిన డేటా కూడా పోదు. సర్వర్ ఇక రాదని తేలితే యూమౌంట్ -ఎఫ్, అదీ కాకపోతే యూమౌంట్ -ఎల్. -ఎల్ చేసేది పేరును దాచడమే, లోపల ఆగిన ప్రాసెస్ అలాగే ఉంటుంది, దాన్ని రీబూటే వదిలించాలి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం వీటిలో ఏదీ నమ్ముకోవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్లో కరెంటు ఎన్నాళ్లు లేదో తెలిసిందే, ఇన్వర్టర్ బ్యాటరీ ఆ లెక్కకు ఆనదు. ముందు కింద మెషీన్‌లో బ్యాకప్, జెల్లీఫిన్ ఆపి షేర్ యూమౌంట్ చేసి దాన్ని షట్‌డౌన్ చేయండి. తర్వాత మేడ మీద మెషీన్, ఆఖరున డిస్కుల అడాప్టర్లు, స్విచ్. తిరిగి లేపేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి.